జీవావిర్భావం: రాయికీ ప్రాణానికీ మధ్య

జగ్గయ్యపేట వైపు సున్నపురాయి లేని ఇల్లు కనబడదు. గోడల్లో సిమెంటుగానో, గడప ముందు నాపరాయి అరుగుగానో, పాత ఇళ్ళకు వేసిన వెల్లగానో ఏదో ఒక రూపంలో ఉంటుంది. జయంతిపురం, ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమే. కృష్ణ దాటి పల్నాడులోకి వెళితే పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు. ఊరి పక్క ధనంబోడు మీద బౌద్ధ స్తూపానికి తాపడం చేసిన పలకలు కూడా ఈ జాతి రాయే. 1882లో జేమ్స్ బర్జెస్ వాటిని పరిశీలించి లోకానికి తెలియజేశాడు. ఈ రాయి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే సన్నగా నురగ లేస్తుంది. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది.

అది ఒకప్పుడు గాల్లో ఉన్నదే. వాన నీటిలో కరిగి, సముద్రం చేరి, కాల్షియంతో కలిసి అడుగున పేరుకుని రాయి అయింది. శుక్రగ్రహం మీద ఇలా జరగలేదు. అక్కడి గాలి దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే. దాని ఒత్తిడి భూమి మీది గాలి ఒత్తిడికి 90 రెట్లకు పైనే. భూమి మీద కూడా దాదాపు అంత ఉంది, కాకపోతే రాళ్ళలో ఉంది. ప్రాణం ఎలా మొదలైందన్న చర్చలో ఈ లెక్క మాటిమాటికీ ఎదురవుతుంది. తొలినాటి గాలిలో ఏముందో, నీటిలో ఏం కరిగిందో, ఏ రాయి దేన్ని పట్టి ఉంచి దేన్ని వదిలిందో తేలకుండా ఆ కథ చెప్పలేం.

జీవావిర్భావ శాస్త్రం అడిగే ప్రశ్న పరిణామ సిద్ధాంతం అడిగేది కాదు. ఒక ప్రాణి నుంచి ఇన్ని రకాల ప్రాణులు ఎలా వచ్చాయన్నది పరిణామం. ఆ మొదటి ప్రాణి ఎక్కడిదన్నది జీవావిర్భావం. రెండింటినీ కలిపేసి వాదించుకోవడం వల్ల చాలా చర్చలు దారి తప్పుతుంటాయి. పరిణామానికి శిలాజాల నుంచి జన్యువుల దాకా సాక్ష్యం గుట్టలుగా ఉంది. జీవావిర్భావానికి ఉన్నది చెదురుమదురు సాక్ష్యమే, అదీ చాలావరకు పరోక్షం. అందుకే ఇక్కడ పోటీ సిద్ధాంతాలు ఇన్ని ఉన్నాయి.

మన పాతకాలపు విభజనలో ప్రాణులు నాలుగు తెగలు: మావి నుంచి పుట్టే జరాయుజాలు, గుడ్డు నుంచి పుట్టే అండజాలు, చెమట నుంచి పుట్టే స్వేదజాలు, నేల చీల్చుకుని వచ్చే ఉద్భిజ్జాలు. పేలు, నల్లులు, దోమలు స్వేదజాల కిందికి వచ్చేవి. తేమా వేడీ ఉన్నచోట ప్రాణం దానంతట అదే పుడుతుందన్న నమ్మకం ఒక్క మన దేశానిదే కాదు. అరిస్టాటిల్ కాలం నుంచి యూరప్‌లోనూ అదే మాట. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ మాంసం ముక్కల మీద గుడ్డ కట్టి, ఈగలు వాలకపోతే పురుగులు పట్టవని చూపించాడు. 1860 ప్రాంతంలో లూయీ పాశ్చర్ హంస మెడలా వంపు తిరిగిన సీసాల్లో రసం మరిగించి ఉంచితే అది చెడలేదు. మెడ విరగ్గొట్టి దుమ్ము చేరనిస్తే చెడింది. ప్రాణం ప్రాణం నుంచే వస్తుందని తేలింది.

దాంతో చిక్కు ఇంకా బిగుసుకుంది. ప్రాణి నుంచే ప్రాణి వచ్చేటట్టయితే మొదటిది ఎక్కడి నుంచి వచ్చింది? 1871లో డార్విన్ తన మిత్రుడు హుకర్‌కు రాసిన ఉత్తరంలో ఒక చిన్న వెచ్చని నీటి మడుగును ఊహించాడు. అమ్మోనియా, ఫాస్ఫరస్ లవణాలు, వెలుతురు, వేడి, విద్యుత్తు కలిసి అందులో మాంసకృత్తు లాంటిది ఏర్పడిందనుకుందామన్నాడు. ఇప్పుడైతే అలాంటి పదార్థాన్ని ఉన్న ప్రాణులే తినేస్తాయనీ, ప్రాణులు లేని కాలంలో ఆ బెడద లేదనీ కూడా అతను గ్రహించాడు. అది ఉత్తరంలోని మాటే తప్ప సిద్ధాంతం కాదు.

దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టినవారు ఇద్దరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా. మాస్కోలో అలెగ్జాండర్ ఒపారిన్ 1924లో చిన్న పుస్తకం వేశాడు. ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్ 1929లో ఒక వ్యాసం రాశాడు. హాల్డేన్ తర్కం ఇలా సాగుతుంది. తొలినాటి గాలిలో ఆక్సిజన్ లేదు కనుక ఓజోన్ పొరా లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా సముద్రం మీద పడేవి. నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా కలిసినచోట ఆ కిరణాలు చక్కెరల వంటి పదార్థాలను పుట్టించేవి. తినే నోరు లేదు కాబట్టి అవి పేరుకుంటూ పోయాయి. సముద్రం పలచటి వేడి చారులా తయారైంది. ఈ చారు పోలిక నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

హాల్డేన్ తెలుగువాళ్ళకు మరీ దూరపు మనిషి కాదు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశాడు. లాల్చీ, పైజమా తొడుక్కున్నాడు, మాంసం మానేశాడు, ఇక్కడి పౌరుడయ్యాడు. అక్కడ అతని దగ్గర చేరిన కుర్రవాళ్ళలో పిఠాపురంలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. తర్వాత అమెరికాలో జన్యుశాస్త్రవేత్తగా స్థిరపడిన ఈ శిష్యుడే గురువు జీవితాన్నీ శాస్త్రాన్నీ పుస్తకాలుగా రాసిపెట్టాడు. హాల్డేన్ చివరి మకాం భువనేశ్వర్.

1963 అక్టోబరులో ఫ్లోరిడాలోని వకుల్లా స్ప్రింగ్స్‌లో జీవావిర్భావంపై సదస్సు జరిగింది. ఒపారిన్, హాల్డేన్ మొదటిసారి కలుసుకున్నది అక్కడే. ఇద్దరిలో ఎవరు ముందన్న ప్రస్తావన వస్తే హాల్డేన్ ఏ మాత్రం తటపటాయించకుండా ఆ గౌరవం ఒపారిన్‌దేనన్నాడు. శాస్త్రంలో ఎవరు ముందన్న దాని మీద జీవితాంతం కత్తులు నూరుకున్నవాళ్ళు ఎందరో ఉండగా ఈ పెద్దరికం చెప్పుకోదగ్గది. ఆ సభలోనే అతను మరో మాట అన్నాడు: మొట్టమొదటి జీవి ఒకే ఒక్క జన్యువుతో మొదలై ఉండవచ్చు, ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏ కావచ్చు అని. ఆ ఊహకు ప్రయోగబలం చేకూరడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ సదస్సుకు వెళ్ళిన ప్రయాణంలోనే హాల్డేన్‌కు క్యాన్సరు బయటపడింది. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు వాడాలనీ, అది చెడిపోకుండా భద్రపరిచే ఖర్చు తన ఆస్తిలోంచి అన్నిటికంటే ముందు తీయాలనీ విల్లు రాశాడు. ఆ శరీరం చేరింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు, శిష్యుడు పుట్టిన పిఠాపురానికి పొరుగున.

ఒపారిన్, హాల్డేన్ చెప్పింది ఊహ. దాన్ని గాజు సీసాలోకి దించినవాడు స్టాన్లీ మిల్లర్. షికాగో విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరీ దగ్గర పరిశోధన చేస్తున్న 23 ఏళ్ళ కుర్రవాడు. ఒక సీసాలో నీళ్ళు మరుగుతాయి. ఆవిరి పై సీసాలోకి పోతుంది. అక్కడ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ ఉన్నాయి. రెండు లోహపు మొనల మధ్య మెరుపులా విద్యుత్తు పుడుతుంటుంది. చల్లారిన నీరు మళ్ళీ కిందికి వస్తుంది. ఒక రోజు గడిచేసరికి నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. వారానికి ముదురు ఎరుపయ్యాయి. ఆ నీటిని వడపోత కాగితం మీద పాకించి నిన్‌హైడ్రిన్ అనే రసాయనం చల్లితే ఊదా మచ్చలు తేలాయి: గ్లైసీన్, అలనీన్. మాంసకృత్తులను కట్టే ఇటుకలు. 1953 మే 15న ఈ ఫలితం అచ్చయింది. డీఎన్ఏ జంట మెలికల నిర్మాణం వెలువడి అప్పటికి మూడు వారాలే.

ఆ ఉత్సాహం మీద నీళ్ళు చల్లింది భూగర్భ శాస్త్రమే. అగ్నిపర్వతాలు కక్కేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, నీటి ఆవిరి. మీథేన్, అమ్మోనియాలతో నిండిన గాలి భూమి మీద ఎక్కువ కాలం నిలిచే అవకాశం తక్కువ. మొదట చెప్పుకున్న సున్నపురాయి లెక్క కూడా అటే చూపిస్తుంది. అంత కార్బన్ డయాక్సైడ్ రాళ్ళలోకి దిగిందంటే ఒకప్పుడు గాలిలో దాని పాళ్ళు గణనీయంగా ఉండి ఉండాలి. అలాంటి గాలిలో మెరుపులు పుట్టిస్తే ఎమైనో ఆమ్లాలు చాలా తక్కువగా వస్తాయి. మిల్లర్ ప్రయోగం తప్పు కాదు గానీ అది మన భూమి ప్రయోగం అవునా కాదా అన్నది తగవు.

తగవు ఒక్కవైపే సాగలేదు. భూమంతా అలాంటి గాలి లేకున్నా అగ్నిపర్వతాల నోళ్ళ దగ్గరా, పెద్ద ఉల్కలు పడిన తర్వాతా కొంతకాలం ఉండి ఉండవచ్చునన్నారు. 2007లో మిల్లర్ చనిపోయాక అతని శిష్యుడు జెఫ్రీ బేడా పాత పెట్టెలు తీస్తే 1950ల నాటి సీసాలు దొరికాయి. అగ్నిపర్వతపు ఆవిరిని అనుకరిస్తూ చేసిన ప్రయోగం తాలూకు ఎండిన మడ్డి అందులో ఉంది. ఇప్పటి పరికరాలతో చూస్తే 22 ఎమైనో ఆమ్లాలు కనిపించాయి. 2021లో స్పెయిన్, ఇటలీ పరిశోధకులు ఇంకో మెలిక బయటపెట్టారు. అదే ప్రయోగాన్ని గాజు సీసాకు బదులు టెఫ్లాన్ పాత్రలో చేస్తే దిగుబడి బాగా పడిపోయింది. క్షారపు నీటికి గాజు కొద్దికొద్దిగా కరిగి, ఆ సిలికాయే చర్యలకు ఊతమిచ్చిందన్నమాట. పాత్ర పక్కన కూర్చోలేదు, వంటలో చెయ్యి వేసింది. తొలి భూమిలో రాయి పాత్ర ఏమిటో దీంతో బాగా తెలిసివచ్చింది.

ఇటుకలు దొరికినంత మాత్రాన ఇల్లు లేవదు. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. నేటి కణంలో డీఎన్ఏ ఉంటే గానీ మాంసకృత్తులు తయారు కావు; మాంసకృత్తులు లేనిదే డీఎన్ఏ నకలు కాదు. చెట్టు ముందా, విత్తు ముందా? 1982లో థామస్ చెక్, 1983లో సిడ్నీ ఆల్ట్‌మన్ దీనికి ఒక దారి చూపారు. ఆర్‌ఎన్‌ఏ కేవలం సందేశం మోసే తీగ కాదు, కొన్నిచోట్ల ఎంజైముల్లా పని కూడా చేస్తుంది. అంటే చెట్టూ విత్తూ తానే. ఈ ఇద్దరికీ 1989లో నోబెల్ వచ్చింది. ఆలోగానే 1986లో వాల్టర్ గిల్బర్ట్ 'ఆర్‌ఎన్‌ఏ ప్రపంచం' అన్న పేరు పెట్టాడు. 2000లో రైబోజోము నిర్మాణం తేటపడ్డాక ఈ వాదానికి గట్టి బలం దొరికింది. మాంసకృత్తులను అతికే ఆ యంత్రం గుండెలో మాంసకృత్తు లేదు, ఉన్నది ఆర్‌ఎన్‌ఏయే. మనిషి నుంచి బ్యాక్టీరియా దాకా ప్రతి కణమూ ఆ పాత సాక్ష్యాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరుగుతోంది. జీవావిర్భావ చర్చలో ఇంత సూటి సాక్ష్యం మరొకటి లేదనే చెప్పాలి.

ఆర్‌ఎన్‌ఏ మొదట ఎలా కుదిరింది? దాని గొలుసులో అక్షరాల్లా వచ్చే నాలుగు రసాయన ముక్కల్లో ఒకటైన అడినీన్ కథ ఆశ్చర్యంగా తేలిక: ఐదు హైడ్రోజన్ సయనైడ్ అణువులు కలిస్తే ఒక అడినీన్. ప్రాణాలు తీసే విషం నుంచి దీన్ని 1960 ప్రాంతంలో తయారుచేసి చూపినవాడు జోన్ ఒరో. అయితే అక్షరాన్ని చక్కెరకు, చక్కెరను ఫాస్ఫేటుకు అతకడం దగ్గర దశాబ్దాల తరబడి రసాయనవేత్తలు చతికిలబడ్డారు. 2009లో మాంచెస్టర్‌లో జాన్ సదర్లాండ్ బృందం అక్షరాన్నీ చక్కెరనూ విడివిడిగా చేసి అతికే ప్రయత్నం మానేసింది. రెండూ ఒకే మధ్య పదార్థం నుంచి పెరిగేలా మరో దారి పట్టి రెండు అక్షరాలను సాధించింది. ఆ దారిలో మొదటి నుంచీ ఫాస్ఫేటు ఉండాలి.

ఫాస్ఫేటు మాట వచ్చాక యల్లాప్రగడ సుబ్బారావును తలవకుండా ముందుకు పోలేం. భీమవరంలో పుట్టిన ఈ డాక్టరు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. నమూనాలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేటు కలిపి, మరో మందు చేరిస్తే పరీక్షనాళికలో నీలం తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ ఆ నీలాన్ని చూసే పరీక్ష రాస్తారు. ఆ కొలతబద్ద చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వాళ్ళకు చిక్కాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని వేరుచేశాడు. హాల్డేన్ వ్యాసం వెలువడింది కూడా 1929లోనే. ఒకరు ప్రాణానికి మొదలు వెతికారు, ఇంకొకరు ప్రాణం నడవడానికి వాడే నాణెం పట్టుకున్నారు. మనిషి ఒంట్లో ఒక రోజులో తయారై ఖర్చయ్యే ఏటీపీ దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుంది.

ఏటీపీ అంటే అడినీన్, రైబోస్ చక్కెర, మూడు ఫాస్ఫేట్లు. ఇదే ఆర్‌ఎన్‌ఏలో ఒక అక్షరం కూడా. కణం శక్తిని మోయడానికీ, వంశాన్ని రాసుకోవడానికీ ఒకే ముక్కను వాడుకోవడం యాదృచ్ఛికం కాదని, అది తొలినాటి గుర్తేనని చాలామంది భావిస్తారు. చిక్కల్లా ఫాస్ఫేటు పిసినారితనం. నీటిలో కాల్షియం కనబడితే చాలు, దాన్ని కౌగిలించుకుని కరగని ఖనిజమై అడుగుకు దిగిపోతుంది. ఇక చర్యలకు మిగిలేదేముంది? 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన టోనర్, కాట్లింగ్ దీనికి ఒక జవాబిచ్చారు. కార్బనేట్లు దండిగా ఉన్న చవుడు సరస్సుల్లో కాల్షియాన్ని కార్బనేటు ముందే పట్టుకుని సున్నపురాయిగా దించేస్తుంది. ఫాస్ఫేటు ఒంటరిదై నీటిలోనే నిలిచిపోతుంది, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. ఉల్కాపాతంతో ఏర్పడిన మహారాష్ట్రలోని లోనార్ సరస్సు ఇలాంటి సోడా నీటి సరస్సే. అంటే సున్నపురాయి కట్టడం అన్న మామూలు పని పక్కన ఉన్న ఫాస్ఫేటుకు విడుదల పత్రం రాసి ఉండవచ్చు. ఉల్కలతో వచ్చే ష్రైబర్సైట్ అనే ఖనిజం ద్వారా కరిగే ఫాస్ఫరస్ అందిందన్న వాదం కూడా ఉంది.

ఇదంతా నేల మీది మడుగుల పక్షం. డేవిడ్ డీమర్, బ్రూస్ డేమర్ వంటివారు ఈ పక్షాన నిలబడ్డారు. చెరువు వానకు నిండి ఎండకు నెర్రెలిచ్చినట్టు వేడినీటి గుంటలు తడుస్తూ ఆరుతూ ఉంటే అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులవుతాయంటారు. నీటిలో మునిగి ఉన్నంతసేపు ఆ గొలుసులు తెగడమే సులువు కాబట్టి ఆరడం తప్పనిసరి. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్క నుంచి తీసిన కొవ్వు వంటి పదార్థం నీటిలో తనంతట తానే గుండ్రటి సంచులు కడుతుందని డీమర్ 1985లో చూపించాడు. కణానికి గోడ అంత తేలిగ్గా దొరికింది.

రెండో పక్షం సముద్రం అడుగున ఉంది. 1977లో గాలపాగస్ దీవుల దగ్గర వెలుతురు చొరని లోతులో వేడినీటి ఊటలూ, వాటి చుట్టూ కిక్కిరిసిన ప్రాణులూ కనిపించాయి. 1988లో గుంటర్ వాక్టర్స్‌హౌజర్ ప్రాణం మొదలైంది చారులో కాదు, ఇనుము-గంధకం ఖనిజాల తలం మీద అని వాదించాడు. వృత్తిరీత్యా ఆయన మ్యూనిక్‌లో పేటెంట్ల న్యాయవాది. 2000లో అట్లాంటిక్‌లో 'లాస్ట్ సిటీ' బయటపడింది: సున్నపు ఖనిజంతో కట్టుకున్న తెల్లటి గోపురాలు, వాటిలో ఎత్తయినది 60 మీటర్లు. వాటిలోంచి వచ్చే నీరు క్షారగుణంతో, 40 నుంచి 90 డిగ్రీల వేడితో ఉంటుంది. ఆ రాతి రంధ్రాల గోడకు ఒకవైపు క్షారం, మరోవైపు ఆమ్లగుణం ఉన్న తొలినాటి సముద్రం; మధ్య ప్రోటాన్ల తేడా. మన కణాలు ఏటీపీని చేసుకునేదీ అలాంటి తేడాతోనే. మైకేల్ రస్సెల్, విలియం మార్టిన్, నిక్ లేన్ పట్టు వదలకుండా చెప్పేది ఇదే: మొదట జీవక్రియ, తర్వాతే జన్యువు. మడుగు పక్షం వెంటనే అడుగుతుంది: అంత నీటిలో ఆర్‌ఎన్‌ఏ గొలుసు తెగకుండా ఎలా నిలుస్తుంది? ఊట పక్షం ఎదురు ప్రశ్న వేస్తుంది: మడుగులో ఎడతెగని శక్తి ప్రవాహం ఎక్కడిది? ఈ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే, రెండింటికీ పూర్తి జవాబు రాలేదు.

మన దేశంలో ఈ ప్రయోగాలు ముందే మొదలయ్యాయి. అలహాబాదులో కృష్ణ బహదూర్ 1950ల నుంచి ఎండనే ఇంధనంగా వాడాడు. అమ్మోనియం మాలిబ్డేటు, ఫాస్ఫేటు, ఫార్మాల్డిహైడ్, ఖనిజ లవణాల ద్రావణాన్ని ఎండలో పెడితే సూక్ష్మమైన గోళాలు ఏర్పడ్డాయి. వాటికి 'జీవాణు' అని పేరు పెట్టాడు, అవి పెరుగుతాయనీ మొగ్గతొడుగుతాయనీ ప్రకటించాడు. 1967లో నాసా కోసం లిండా కేరెన్, శ్రీలంకకు చెందిన సిరిల్ పొన్నంపెరుమ ఆ పనిని సమీక్షించి, వాటి స్వభావం తేలలేదన్నారు. 'జీవం' అన్న పేరు తొందరపాటే. కానీ సంచీ, ఖనిజం, వెలుతురు మూడూ ఒకేచోట ఉండాలన్న ఆ పట్టింపు నేటి ప్రయోగశాలల్లో తిరిగి వినిపిస్తోంది.

ప్రాణం గుడ్డి యాదృచ్ఛికంగా కుదరదన్నది పాత అభ్యంతరం. తుక్కు దుకాణం మీదుగా సుడిగాలి వీస్తే విమానం తయారవుతుందా అని ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ అడిగాడు. ఈ పోలిక ఆకట్టుకుంటుంది గానీ పొరపాటుది. తుక్కు ముక్కలు తమ నకళ్ళు తాము చేసుకోవు. నకలు తీయడం మొదలయ్యాక ఏమవుతుందో 1967లో సోల్ స్పీగెల్‌మన్ చూపించాడు. ఒక వైరస్ ఆర్‌ఎన్‌ఏను, దాన్ని నకలు తీసే ఎంజైమును నాళికలో వేసి, కొద్ది కొద్దిగా కొత్త నాళికలోకి మారుస్తూ పోయాడు. వేగంగా నకలైనదే మిగిలింది. 74 మార్పులయ్యేసరికి వేల అక్షరాల గొలుసులో 83 శాతం రాలిపోయి చిన్న ముక్క మిగిలింది. ప్రాణం లేని నాళికలో డార్విన్ ఎంపిక కళ్ళముందు జరిగింది. అయితే స్పీగెల్‌మన్ ఎంజైమును చేతితో అందించాడన్నది మరవకూడదు. ఎవరి సాయమూ లేకుండా సాదా ముక్కల నుంచి తనను తాను నిరాటంకంగా నకలు తీసుకునే ఆర్‌ఎన్‌ఏ కోసం వేట సాగుతూనే ఉంది. ఆర్‌ఎన్‌ఏ ప్రపంచానికి అన్నిటికంటే పెద్ద వెలితి అదే.

హోయిల్ తన సందేహానికి జవాబును ఆకాశంలో వెతికాడు. ప్రాణబీజాలు అంతరిక్షం నుంచి రాలాయని చంద్ర విక్రమసింఘేతో కలిసి వాదించాడు. ఆ వాదాన్ని పరీక్షించే ప్రయత్నం హైదరాబాదు మీది ఆకాశంలో జరిగింది. అక్కడి నేషనల్ బెలూన్ ఫెసిలిటీని నడిపేది టాటా ఇన్‌స్టిట్యూట్. 2001 జనవరిలో ఒకసారి, 2005 ఏప్రిల్ 20న మరోసారి ఇస్రో బెలూన్లు ఎగిరాయి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ ఇందులో ముఖ్యుడు. రెండో బెలూన్ మోసుకెళ్ళిన పరికరాల బరువు 459 కిలోలు. సూక్ష్మజీవి రహితం చేసి, గాలి తోడేసిన 16 ఉక్కు గొట్టాలు ద్రవ నియాన్ చలిలో మునిగి ఉన్నాయి. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో ఒక్కొక్కటే నోరు తెరిచి పలచటి గాలిని లోపలికి లాక్కుని మూసుకుంది. ఆ నమూనాలను హైదరాబాదు సీసీఎంబీలో, పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రంలో విడివిడిగా పరీక్షించారు. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. వాటిలో మూడు బ్యాక్టీరియా కొత్త జాతులని 2009లో ప్రకటించారు: హోయిల్ పేరిట జానిబ్యాక్టర్ హోయ్‌లీ, ఇస్రో పేరిట బాసిలస్ ఇస్రోనెన్సిస్, ఆర్యభటుడి పేరిట బాసిలస్ ఆర్యభట. అతినీలలోహిత కిరణాలను ఇవి తమ దగ్గరి బంధువుల కంటే బాగా తట్టుకుంటాయి. అవి వేరే లోకం నుంచి వచ్చాయని మాత్రం ఇస్రో అనలేదు. అది నిర్ధారణ కాలేదని స్పష్టంగానే చెప్పింది. భూమి బంధువులుగా గుర్తుపట్టగలిగిన ఆ జాతులు భూమి నుంచే పైకి చేరాయనడం సులువైన వివరణ. ఆ మాటకొస్తే, ప్రాణం బయటి నుంచే వచ్చిందనుకున్నా అక్కడ ఎలా పుట్టిందన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

ఎప్పుడు పుట్టింది అన్నదానికి రాళ్ళు కొంత చెబుతాయి. కడప జిల్లా వేంపల్లె పేరు మీదున్న సున్నపు-డోలమైట్ రాతి పొరల్లో స్ట్రోమటొలైట్లు దండిగా ఉన్నాయి. కోసిన రాయిలో ఉల్లిపాయ పొరల్లా, బోర్లించిన గిన్నెల్లా కనిపించే ఆ వంపులు సూక్ష్మజీవుల చాపల మీద బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డవి. వీటి పై పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల నల్లరాయి వయసు 188 కోట్ల ఏళ్ళు. కాబట్టి ఈ చాపలు అంతకంటే పాతవి. తుమ్మలపల్లెలో యురేనియం దొరికేది కూడా ఈ వేంపల్లె డోలమైట్‌లోనే, అదీ ఫాస్ఫేటు ఉన్న పొరల్లో. ఈ చాపలు అల్లే జీవుల కోవకు చెందినవే సయనోబ్యాక్టీరియా; హాల్డేన్ ఊహించిన ఆక్సిజన్ లేని గాలిని ఆక్సిజన్ గాలిగా మార్చింది అవే. తొలి మడుగులు ఇప్పుడు తిరిగి తయారు కాకపోవడానికి ఆ మార్పు ఒక కారణం.

అయినా వేంపల్లె ఈ కథలో చాలా వెనకటి అధ్యాయం. భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో 348 కోట్ల ఏళ్ళ నాటి స్ట్రోమటొలైట్లను ఎక్కువమంది ఒప్పుకుంటారు. గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్ళవి దొరికాయని 2016లో ప్రకటిస్తే, అవి జీవుల అల్లికలు కావు, ఒత్తిడికి రాయి మడతపడిన గుర్తులని 2018లో మరో బృందం కొట్టిపారేసింది. జన్యువుల పోలికల నుంచి లెక్క కట్టిన 2024 నాటి అధ్యయనం నేటి ప్రాణులన్నిటి ఉమ్మడి పూర్వజీవి 420 కోట్ల ఏళ్ళ కిందే ఉందంటుంది. అదే నిజమైతే భూమి చల్లబడి నీరు నిలిచిన కొద్ది కాలానికే ప్రాణం మొదలైందని అర్థం. ఈ లెక్కలో ఊహలు చాలా ఉన్నాయి కనుక దీన్ని తుదిమాటగా తీసుకోలేం.

తాజా సాక్ష్యం మళ్ళీ ఆకాశం నుంచే వచ్చింది, ఈసారి చేతికి అందేలా. నాసా పంపిన ఒసైరిస్-రెక్స్ నౌక బెన్నూ అనే గ్రహశకలం నుంచి 121.6 గ్రాముల మట్టిని 2023 సెప్టెంబరు 24న భూమికి చేర్చింది. 2025 జనవరిలో ఫలితాలు వచ్చాయి. ప్రాణులు వాడే 20 ఎమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి. డీఎన్ఏ, ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు ఐదూ ఉన్నాయి. అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే కుడి, ఎడమ రూపాల్లో మన ఒంట్లోని ఎమైనో ఆమ్లాలు ఎడమచేతి వాటానివే. మర్చిసన్ ఉల్కలో కొన్నింటికి ఎడమ వైపు మొగ్గు కనిపించడంతో ఆ వాటం అంతరిక్షం నుంచే వచ్చిందని అనుకునేవాళ్ళు. బెన్నూలో కుడీ ఎడమా దాదాపు సమంగా ఉన్నాయి. ప్రాణం ఎడమ వైపే ఎందుకు నిలబడిందన్న ప్రశ్న మళ్ళీ మొదటికి వచ్చింది.

అదే మట్టిలో ఉప్పునీరు ఇగిరిపోగా మిగిలిన 11 రకాల ఖనిజాలు దొరికాయి. ఆ వరసలో సోడియం కార్బనేట్లు ఉన్నాయి, సోడియం ఫాస్ఫేట్లు ఉన్నాయి, మామూలు ఉప్పు కూడా ఉంది. గ్రహశకలంగా ముక్కలవక ముందు బెన్నూ తల్లి శకలంలో ఒక చవుడు నీటి మడుగు ఉండేదనీ, అది మెల్లగా ఎండిందనీ ఆ ఖనిజాలు చెబుతున్నాయి. వాటిలో కాల్సైట్ కూడా ఉంది. జగ్గయ్యపేట సున్నపురాయిలో ఉన్న ఖనిజం అదే.